టర్బో విప్పిన ఇంట్లో మా బావ

మా ఊరి బడిలో నేను కూర్చున్న బెంచీకి నాకంటే చదువెక్కువ. నేను ఆరో తరగతి సగంలో లేచి వచ్చేశాను, అది ఇంకా అక్కడే ఉంది. కాబట్టి ఇందులో తప్పులు కనబడితే నన్ను తిట్టకండి, పోయి దాన్ని అడగండి.

బడి మానేసి పవర్‌లూం షెడ్డులో చేరాను. ఆ చప్పుడులో గట్టిగా మాట్లాడనివాడు ఉన్నా లేనట్టే. అట్లా నాకు నోరు పెరిగింది. చావింట్లో కూడా పక్కవాణ్ని నవ్వించి చీవాట్లు తిన్నవాణ్ని. ఒక్క మనిషిని మాత్రం ఎన్నడూ నవ్వించలేకపోయాను. ఆయన మా అక్క మొగుడు, మా బావ. మొన్న పోయాడు.

గుండె ఆగిందట. ఎన్ని మిషన్లు విప్పి, తుడిచి, మళ్లీ బిగించాడో మా బావ! విప్పి చూసే వీలు లేకుండా ఆగిపోయింది అదొక్కటే.

కబురు విని కరీంనగర్ పోయాను. ఇంటి ముందు షామియానా కింద కూర్చున్న వాళ్లందరిదీ ఒకటే మాట. "మంచి మనిషి పాయె" అని ఒకరు, "ఏం చెయ్యి, ఏం పనితనం" అని ఇంకొకరు. చచ్చినవాణ్ని చెడ్డవాడనకూడదని మన దగ్గర ఒక మర్యాద ఉంది. అందువల్ల మన శ్మశానాల నిండా మంచివాళ్లే ఉన్నారు. చెడ్డవాళ్లను ఎక్కడ పెడతారో నాకు ఇంతవరకు తెలియలేదు. నాకు మాత్రం ఆయన బతికుండగా నచ్చలేదు. పోయినందుకు నచ్చాలని రూలేమీ లేదు కదా. ఎందుకు నచ్చలేదో చెబుతాను, ఆ తర్వాత మీ ఇష్టం.

ఇనుము పని చేసేవాడి గోళ్లు నల్లగా ఉంటాయి. మా బావ గోళ్లు పెళ్లికూతురి గోళ్లలా ఉండేవి. పని ముగియగానే ఎటూ చూడకుండా చేయి చాచేవాడు. మా అక్క పుస్తెలతాడుకు వేలాడే పిన్నీసు తీసి ఆ చేతిలో పెట్టేది. దానితో ఒక్కొక్క గోరునూ గీరుకొని, పిన్నీసు తుడిచి తిరిగి ఇచ్చేవాడు. పిన్నీసుకు ఒక చోటు కావాలనే ఈయన పుస్తె కట్టాడేమోనని నాకు అనుమానం.

ఇంటికి చుట్టం వస్తే లోకమంతా "తిన్నవా?" అని అడుగుతుంది. ఈయన "చేతులు కడుక్కున్నవా?" అని అడిగేవాడు. మమ్మల్ని కన్న మా అవ్వ మొదటిసారి అల్లుడింటికి పోయిననాడు కూడా అదే అడిగాడు. అన్నం పెడతారు కాబోలనుకొని పాపం ఆమె కడుక్కొచ్చి కూర్చుంది. ఈయన ఆమె చేతిలో ఒక ఇనుప చక్రం పెట్టి "జర పట్టుకో అత్తా" అన్నాడు.

ఏదీ బాగుందని అనేవాడు కాదు. కూర తిన్నా, పాట విన్నా, పక్కింటి పిల్లవాణ్ని ఎత్తుకున్నా ఒకటే మాట, "నడుస్తది". మా అక్క ఒకసారి కొత్త చీర కట్టుకొని ఎదురుగా వచ్చి నిలబడింది. పైనుంచి కిందికి చూసి "నడుస్తది" అన్నాడు. నేను ఊరుకోలేక, "నడుస్తది బావా, లోపల మా అక్క ఉన్నది గద" అన్నాను. ఆయన నా దిక్కు చూశాడు. ఆ చూపులో నేను మనిషిని కాదు, పొరపాటున వేరే బండి నుంచి వచ్చి పడిన నట్టును.

బస్సెక్కితే డ్రైవరు వెనక సీట్లోనే కూర్చునేవాడు. గేరు మార్చినప్పుడల్లా పళ్లు నూరేవాడు. ఒకసారి మంచిర్యాల దారిలో ఉండబట్టలేక "గిప్పుడు సెకండ్ వెయ్యాలె" అన్నాడట. డ్రైవరు రోడ్డు పక్కకు బస్సు ఆపి, కిందికి దిగి, "రా సారూ, కూసో, నువ్వే నడుపు" అన్నాడు. ఎవరికైనా సిగ్గేస్తుంది. ఈయన నిజంగానే పోయి కూర్చున్నాడు. ప్రయాణికులు గోల చేసి దింపేదాకా సీటు దిగలేదు.

ఆయన పుట్టింది మాలాగే మగ్గం మీద బతికే ఇంట్లోనే. ఆ పని ఒల్లక చిన్ననాడే ఆదిలాబాద్ దిక్కు బొగ్గు గనులకు పారిపోయి, అక్కడ ఒక మరాఠీ ఉస్తాద్ దగ్గర డంపర్ లారీల పని నేర్చుకున్నాడు. తిట్లు కూడా ఆ ఉస్తాద్ దగ్గరే నేర్చుకున్నాడు. కోపమొస్తే మరాఠీలో మెల్లగా గొణిగేవాడు. అల్లుడు మంత్రాలు చదువుతున్నాడని మా అవ్వ చాలాకాలం దండం పెట్టుకుంది. తర్వాత కరీంనగర్ పక్కన గ్రానైట్ క్వారీలో ఫిట్టరుగా కుదిరాడు. నేను కనబడితే చాలు, "ఏం బామ్మర్ది, మీ మగ్గం ఇంక దగ్గుతుందా?" అనేవాడు. "అది మిషన్ గాదు, దగ్గు. దాని పక్కన కూసున్నోనికి గుడ అదే అంటుకుంటది." మా బాపు దగ్గి దగ్గి పోయినవాడు. అది తెలిసీ అనేవాడు.

పెళ్లినాటి ముచ్చట ఒకటి చెప్పాలి. పొద్దున ముహూర్తం. పుస్తె కట్టడం అయింది, తలంబ్రాలు మొదలవుతున్నాయి. మైకు సెట్టు కోసం పెట్టిన జనరేటరు పందిరి వెనక దడదడమంటోంది. అందరూ పెళ్లికూతురిని చూస్తుంటే పెళ్లికొడుకు చెవి రిక్కించి "అది ఇప్పుడు ఆగుతది" అన్నాడు. అన్నట్టే ఆగింది. పాట సగంలో పోయింది. ఈయన పీటల మీంచి లేచాడు. బాసింగం నుదుటనే ఉంది, కొత్త పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టాడు, పోయి జనరేటరు ముందు కూర్చున్నాడు. అయ్యగారు పిలిచాడు, మా బాపు బతిమాలాడు. "ఒక్క నిమిషం" అన్నాడు. మగవాళ్లంతా చుట్టూ మూగి "ఏం అల్లుడయ్యా" అని మెచ్చుకున్నారు. నేను మాత్రం ఇటు చూశాను. అక్క ఒక్కతే పీట మీద తలంబ్రాల బియ్యం దోసిట్లో పట్టుకొని అట్లాగే కూర్చుంది. జనరేటరు మళ్లీ దడదడమనేదాకా ఆ దోసిలి దించలేదు. ఆ రోజు నుంచి నాకూ ఆయనకూ పడలేదు. నిజం చెప్పాలంటే నాకు పడలేదు, ఆయనకు ఆ సంగతి తెలియనే తెలియదు.

క్వారీ పని సరిపోనట్టు ఇంటి దగ్గర టర్బోలు విప్పేవాడు. టర్బో అంటే తెలియనివాళ్లకు చెబుతాను. నాకు తెలిసింది ఇంతే: అది నత్తగుల్ల ఆకారంలో ఉండే ఇనుప చిప్ప. లోపల వేలెడంత కడ్డీ, కడ్డీకి రెండు చివర్ల రెండు బుల్లి పంకాలు. ఇంజను వదిలే పొగ ఒక పంకాను తిప్పుతుంది, దానితోపాటు తిరిగే రెండో పంకా ఇంజను నోట్లోకి గాలి కుక్కుతుంది. గాలి ఎక్కువైతే బండికి బలమెక్కువ. మా బావ లెక్కన, గాలివాటంగా బతికినా మర్యాద దక్కేది లోకంలో ఆ ఒక్క వస్తువుకే. తిరిగితే కంటికి ఆనదు. అందుకని లోపల ఇసుక రేణువంత చెత్త పడ్డా మొత్తం నాశనమట.

క్వారీ షెడ్డులో అయితే రాతిపొడి ఎగురుతుందని ఆ పని ఇంట్లో పెట్టుకునేవాడు. నడింట్లో తెల్లగుడ్డ పరిచి టర్బో విప్పితే ఇక ఆ ఇంటికి మైల పట్టినట్టే. ఊడవద్దు. ఫ్యాను వేయవద్దు. పోపు వేయవద్దు, పొగ జిడ్డు వస్తుంది. ఆ గదిలో తల దువ్వుకోవద్దు. పక్కింటి వాళ్లు మిరపకాయలు దంచినా పోయి తగవు పెట్టుకునేవాడు. విప్పిన సామానంతా వరుసగా అన్నం తినే స్టీలు పళ్లేలలో పెట్టేవాడు కాబట్టి అన్ని రోజులూ ఇంట్లోవాళ్లు విస్తరాకుల్లో తినేవాళ్లు. చూసేవాళ్లు ఆ ఇంట్లో రోజూ దావతే అనుకునేవాళ్లు.

కోపమొస్తే అరిచేవాడు కాదు, అదే ఘోరం. ఎవరైనా పొరపాటున ఒక సామాను ముట్టుకుంటే, "మళ్ల మొదటి నుంచి" అనేవాడు. అంతే. అప్పటిదాకా తుడిచిందంతా మళ్లీ పెట్రోలులో ముంచి కడగాలి. ఎవరు కడగాలి? మా అక్క. ముట్టుకున్నవాడు సిగ్గుతో చచ్చేదాకా ఆమె వాడి కళ్లముందే కూర్చొని కడిగేది. పెట్రోలుకు ఆమె వేళ్లు తెల్లబారి, పగుళ్లిచ్చి, చలికాలం నెత్తురు కారేవి.

ఆ వేళ్లతోనే ఇంకో పని ఉండేది. కడ్డీని మోసే గాజుల్లాంటి బుష్‌లు, నూనె కారకుండా ఆపే సీళ్లు కొత్తవి వేసి కడ్డీ ఎక్కించాక, అది లోపల ఎంత ఆడుతుందో చూడాలి. ఎక్కువ ఆడితే చెడింది, అసలే ఆడకపోతే పట్టేస్తుంది. క్వారీలో దానికి గడియారం లాంటి కొలత మిషన్ ఉందట. ఇంట్లో ఆయనకు మా అక్క ఉంది. "నా ఏళ్లకు కాయలు కాసినయ్. పోగు తెగితే ఏళ్లతోని పట్టుకునే పుట్టుక మీది, నీకు తెలుస్తది" అనేవాడు. "ఇగ పట్టు" అనగానే ఆమె వచ్చి కూర్చొని, కళ్లు మూసుకొని, కడ్డీ కొసను రెండు వేళ్లతో పట్టుకొని అటూ ఇటూ కదిపి, "జర ఎక్కువున్నది" అనో, "సరిపాయె" అనో అనేది. ఎక్కువుందంటే మళ్లీ విప్పడమే. పెళ్లాన్ని పనిముట్టును చేసిన మొగుళ్లను చాలామందిని చూశాను కానీ, కొలత గడియారాన్ని చేసినవాణ్ని ఇతన్నొక్కణ్నే చూశాను.

ఇంతవరకు కూడా నేను ఓర్చుకునేవాణ్నే. బతుకమ్మ దగ్గరే ఓర్వలేకపోయాను.

మా దిక్కు ఆడపిల్ల ఎంత దూరాన ఉన్నా బతుకమ్మ పండుగ ఆఖరి రోజుకు, అంటే సద్దుల బతుకమ్మకు, తల్లిగారింటికి రావాలి. తమ్ముడో అన్నో పోయి తోలుకురావాలి. పెళ్లయినప్పటి నుంచి మా అక్క ఒక్కసారి కూడా రాలేదు. ఏటా నేను పోవడం, ఏటా ఆ ఇంట్లో ఏదో ఒకటి విప్పి ఉండడం, నేను ఒట్టి చేతులతో తిరిగి రావడం. మా అవ్వ మా వాడకట్టులో పాట ఎత్తుకునే మనిషి. ఆమె ఎత్తుకుంటే గాని చప్పట్లు మొదలయ్యేవి కావు. అట్లాంటి మనిషి ఆటకు పోవడం మానేసింది. ఎందుకంటే పోగానే అందరూ అడిగే మొదటి మాట, "బిడ్డ రాలేదా? అల్లుడు పంపిస్తలేడా?" అందుకని గుమ్మంలో కూర్చొని దూరం నుంచి వినేది.

ఒక ఏడు, సద్దులకు నాలుగు రోజులుందనగా, అవ్వ పొద్దున్నే నాకు సద్ది కట్టి ఇస్తూ అంది: "ఈసారి అది ఆడకపోతే నేను గుడ ఆడ. ఇగ ఎన్నడు ఆడ. నువ్వు నవ్విచ్చుడు గాదు, దాన్ని తోలుకరా."

అంత తేలిగ్గా చెప్పింది. నేను అప్పటికే తెల్లవారుజామున మెట్ట చెలకల్లోకి పోయి తంగేడు, గునుగు కోసి పెద్ద మూట కట్టుకున్నాను. సొంత ఊరి పూలు చూస్తే మనిషి ఆగుతుందా అని నా తెలివి.

పోయేసరికి వాళ్లింటి ముందు ఒక కారు. మామూలు కారు కాదు. ఎర్రటిది, రెండే తలుపులది, నేలకు అంటుకొని పడుకున్న పిల్లిలా ఉంది. అప్పుడప్పుడే గ్రానైట్ ఊపందుకుంటున్న రోజులు. ఒక సేటు కొడుకు బొంబాయిలో ఎవరి దగ్గరో కొనుక్కొచ్చాడట. మన రోడ్ల మీద గుంత కనబడితే దిగి, గుంతను బతిమాలి, ఎక్కి పోవాల్సిన కారు. దాని టర్బో చెడింది. వెనక నుంచి నీలం పొగ కక్కుతూ, ఎడ్లబండితో పందెం వేసినా ఓడిపోయేట్టు ఉందట. మా బావ దాని ముందు భాగాన్ని లేపి, కింద క్వారీ నుంచి తెచ్చిన నల్లరాతి ముక్కలు పెట్టి, మీద అక్క పాత చీర కప్పాడు. సమాధి మీద చాదర్ కప్పినట్టుంది.

"ఏం బామ్మర్ది, చేతులు కడుక్కున్నవా?"

"కాళ్లు గుడ కడుక్కున్న బావా. అక్కను తోలుకపోను వచ్చిన. సద్దుల నాటికి ఇంటికాడ ఉండాలె."

"టర్బో దాని జాగల కూసోనియ్యి."

"పోయినేడు గుడ ఏదో కూసోలేదంటివి."

"పోయినేడుది డీజిల్ పంపు."

"మా అవ్వ కూసున్నది బావా, గుమ్మంల. ఎన్నేండ్ల సందో కూసున్నది. ఆమెను జర లేవనియ్యరాదు?"

నా జీవితంలో నేను వేసిన మంచి మాటల్లో అదొకటి. దానికాయన పెదవి కూడా కదల్చలేదు. "కూసున్నోళ్లకు ఏం గాదు. తిరిగేదానికే కష్టం" అని లోపలికి పోయాడు.

సేటు కొడుకు రోజుకొకసారి వచ్చి గుమ్మం బయట నిలబడి బతిమాలేవాడు. చెప్పులు విప్పినా లోపలికి రానిచ్చేవాడు కాదు మా బావ. "ఉస్తాద్, దసరకు బండి పూజ ఉన్నది. బండి లేకపోతే మా బాపు నన్ను గుడ ఇంట్లకు రానియ్యడు."

"బండికేం, నడుస్తది చిన్న సేటు. నీకే నడుపరాదు. ఉరికిచ్చి ఉరికిచ్చి దబ్బున ఆపుతవ్. ఉరికినోన్ని ఊపిరి తీస్కోనియ్యక పండవెడితే ఏమైతడు? ఆపే ముందల ఇంజన్ను జర ఊకె నడువనియ్యాలె."

"సరే ఉస్తాద్, ఇగ నుంచి నడువనిస్త. గిప్పుడైతే జల్ది చెయ్యి."

"జల్ది అయ్యేది కావాలంటే ఉప్మా చేసుకో."

ఆ మాటకు నేను నవ్వాను, అందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపం.

నా పూల మూటను నేను నడింట్లో తలుపు వెనక పెట్టాను. బావ పెట్రోలుకని బయటికి పోయినప్పుడు అక్క మూట విప్పి, ఒక గునుగు పువ్వు తీసి, చెంపకు ఆనించుకుంది. కాసేపు అట్లాగే ఉంది. నేను లోపల గెలిచాననుకున్నాను. "బ్యాగు సదురుకో అక్కా" అన్నాను. నవ్వి మూట కట్టేసింది.

సద్దుల రోజు పొద్దున. టర్బో బిగించడం అయిపోయింది. బొంబాయి నుంచి తెప్పించిన కొత్త బుష్‌లు పడ్డాయి. ముక్కుపుల్లంత సన్నటి సీలు రింగులు అక్క పిన్నీసుతో ఎత్తి గాడిలో కూర్చోబెట్టాడు. విప్పేముందు గీసుకున్న గీతలకు గీతలు కలిసేట్టు పంకా ఎక్కించాడు. నట్టు ఎదురు మర, అందరూ బిగించే దిక్కుకు తిప్పితే ఊడుతుంది. ఆయన స్వభావానికి సరిపోయిన నట్టు. గుమ్మం దగ్గర అక్క చీరలున్న బ్యాగు నేనే తెచ్చి పెట్టాను. పదకొండింటి బస్సు దొరికితే పొద్దుగూకేలోపు మా వాడకట్టులో బతుకమ్మ పేర్చుకోవచ్చు.

"ఇగ పట్టు" అన్నాడు బావ.

అక్క చేతులు కడుక్కొని వచ్చి కూర్చుంది. కొస పట్టుకొని కదిపింది. "సరిపాయె" అంది. నా ఊపిరి కుదుటపడింది. తర్వాత పంకాను వేలితో ఒక తిప్పు తిప్పింది. తిరిగింది. ఇంకోసారి తిప్పింది. కనుబొమలు ముడిపడ్డాయి. నేను గోడ పక్క నుంచి ఆమెకు సైగ చేశాను. చేతులు జోడించాను. బ్యాగు చూపించాను. ఊరుకో తల్లీ, ఊరుకో, కారు సేటుది, టర్బో ఎవరిదో, మనకెందుకు! అక్క నన్ను చూసింది. చూసి కూడా తల తిప్పుకొని,

"ఏందో గీస్కుంటుంది. ఇప్పు" అంది.

విప్పారు. పంకా వెనక, దాన్ని మూసే ఇనుప పలకకూ దానికీ మధ్య, నల్లగా నిగనిగలాడే చిన్న గింజ. ఆవగింజలో సగం కూడా లేదు. గునుగు గింజ. బావ దాన్ని పిన్నీసు కొసతో తీసి తెల్లగుడ్డ మీద పెట్టి నన్ను పిలిచాడు.

"ఇటు రా బామ్మర్ది. గుర్తువడ్తవా?"

"ఒక్క గింజ బావా! ఊదితే పోతది."

"దొరికింది ఒకటి" అన్నాడు. "మళ్ల మొదటి నుంచి."

నాకు ఒళ్లు మండింది. ఒక్క గింజ! పప్పులో పడి ఉంటే మింగి నీళ్లు తాగేవాళ్లం. బావ నా మూటను తీసుకుపోయి వాకిట్లో పెట్టాడు. విసిరేసి ఉంటే పోట్లాడేవాణ్ని, చంటిపిల్లను పడుకోబెట్టినట్టు జాగ్రత్తగా పెట్టాడు, అందుకని తిట్టడానికి కూడా చిక్కలేదు. అక్క అప్పటికే పెట్రోలు గిన్నె ముందు కూర్చుంది. నోరు మూసుకొని ఉంటే సరిపోయే చోట కూడా నిజం చెప్పేంత భయం పెట్టాడు మనిషికి అనుకున్నాను. ఉండబట్టలేక మొహం మీదనే అడిగాను.

"బావా, నువ్వు మనిషివేనా? ఆడివిల్లను సద్దుల నాడన్న తల్లిగారింటికి పంపవా? ఇంత గట్టిగ బిగించి ఏం చేస్తవ్ ఆమెను? మర చెడిపోతది సూడు."

ఆయన తల ఎత్తలేదు. చేతిలో గుడ్డతో ఏదో తుడుస్తూ, "పోతనంటే నేను ఆపిన్నా?" అన్నాడు.

నక్క జిత్తు అంటే అదే. కాళ్లకు తాడు కట్టి, తలుపు తెరిచే ఉంది కదా అనడం. "ఆహా, మా బావ ఎంత ధర్మాత్ముడు! దండెయ్యుర్రి" అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆ రోజు నా నోటికి మంచి మంచి మాటలు తోచాయి. ఒక్కటీ ఆయనకు తగల్లేదు. అక్క గిన్నెలోంచి చేయి తీయలేదు.

మధ్యాహ్నం దాటాక మళ్లీ బిగించారు. మళ్లీ "ఇగ పట్టు". ఈసారి సరిపోయిందట. కారుకు ఎక్కించి, నూనె పోసి, ఇంజను అంటుకోకుండా ఊరికే తిప్పి తిప్పి నూనె లోపలిదాకా పోయిందని నమ్మకం కుదిరాక స్టార్ట్ చేశాడు. పొగ లేదు. బావ యాక్సిలరేటరు తొక్కితే లోపల నుంచి సన్నగా ఈల వచ్చింది. వాడ వాడంతా గుమిగూడింది. సేటు కొడుకు మా బావ కాళ్లు మొక్కినంత పనిచేశాడు. నా మొహం చూసి జాలిపడి, "అక్కను నేను మీ ఊర్ల దింపుత అన్నా, గంటల పోత" అన్నాడు. ఒక్క క్షణం నా కళ్లముందు మా వాడకట్టు కనబడింది. బతుకమ్మల చుట్టూ ఆడవాళ్లు, మధ్యలోకి ఎర్రకారు, అందులోంచి దిగే మా అక్క, గుమ్మంలోంచి లేచే మా అవ్వ.

"దూరం కొట్టద్దు" అన్నాడు బావ. "కొత్తగ కూసున్నది. ఇయ్యాల ఊర్లనే తిప్పు."

అంత పనికిమాలిన మనిషి నాకు ఇంకొకరు తగల్లేదు.

నేను ఒక్కణ్నే బస్సెక్కాను. పూల మూటతో పోయి అదే పూల మూటతో తిరిగి రావడం సంబంధం తప్పిపోయిన పెళ్లికొడుకులకే చెల్లింది. దారి పొడుగునా ప్రతి ఊళ్లో ఆడవాళ్లు బతుకమ్మలు తలమీద పెట్టుకొని చెరువుకు పోతున్నారు. డ్రైవరు ప్రతిచోటా ఆపి దారి ఇచ్చాడు. నేను దిగేసరికి మా ఊళ్లో ఆట అయిపోయింది. అవ్వ గుమ్మంలోనే ఉంది. నా వెనక ఎవరూ లేకపోవడం చూసి, మూట అందుకొని, "పూలు మంచిగున్నయి" అంది. ఆమె ఇక ఎన్నడూ ఆడలేదు. నేనూ ఆ ఇంటికి పిలవడానికి పోలేదు. అక్కను చూడాలనిపిస్తే ఆయన క్వారీలో ఉన్న వేళ చూసుకొని పోయి వచ్చేవాణ్ని. ఆ కారు మాత్రం చాలా ఏళ్లు కరీంనగర్‌లో ఈల వేసుకుంటూ తిరిగింది. ఎప్పుడు ఎదురైనా నేను రోడ్డుకు పెడమొహం పెట్టి నిలబడేవాణ్ని.

ఇదీ ఆయన. షామియానా కింద ఇవన్నీ చెప్పలేను కదా. తలూపి ఊరుకున్నాను.

పిట్టకు పెట్టే రోజు మానేరు ఒడ్డుకు పోయాం. ఆయనకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి పక్కకు జరిగి నిలబడ్డాం. కాకులు చెట్టు మీద ఉన్నాయి, దిగడం లేదు. చనిపోయినవాడికి మనసులో ఏదో మిగిలిపోయిందని పెద్దమనుషులు ఒక్కొక్కరే మొక్కుతున్నారు. ఇల్లు చూసుకుంటామన్నారు, భార్యను చూసుకుంటామన్నారు. కాకి కదల్లేదు. నా నోరు ఊరుకుంటుందా? "ఈయనింట్ల ఆర్డర్ లేంది ఎవ్వలు ముట్టరు, కాకి గుడ గంతే" అని పక్కవాడి చెవిలో అన్నాను. వాడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఆ దగ్గుకే బెదిరిందో ఏమో, ఒక కాకి దిగి ముట్టింది. అందరూ హమ్మయ్య అన్నారు.

తిరిగి వస్తుంటే అక్క నా పక్కనే నడిచింది. నుదురు బోసిగా ఉంది, వేళ్లకు ఇంకా పగుళ్లు ఉన్నాయి. ఆమె మనసు తేలిక చేద్దామనే అన్నాను, దేవుడి మీద ఒట్టు.

"ఇగ ఫికర్ లేదక్కా. వచ్చే బతుకమ్మకు నిన్ను తోలుకపోత. ఎవ్వలాపుతరో సూస్త. ఇగ అడుగుడే లేదు, అడుగుటానికి మనిషే లేడు."

అక్క ఆగింది. నా దిక్కు తిరిగి నిదానంగా అంది:

"ఎన్నడన్న నన్నడిగినవా రా, అక్కా వస్తవా అని? బర్రెను తోలుకపోనొచ్చినోడు గుడ ఒకపారి బర్రె మొకం సూస్తడు తమ్మీ. నువ్వు మా ఆయన మొకం తప్ప సూడకపోతివి."